నది దాటవలసింది ఎవరు?

ప్రత్యేక శ్రద్ధ అవసరమైన బిడ్డతో కొత్త ఊరికి తరలివెళ్ళే తల్లిదండ్రులు ముందుగా వెతకవలసింది ఇల్లు కాదు. టాటానగర్‌లో మాకు తెలిసివచ్చిన సంగతి ఇది.

రైలు రాయగడ, తిత్లాగఢ్, ఝార్సుగుడ, రూర్కెలాల మీదుగా సాగి, సాలవృక్షాల అడవులు దాటి టాటానగర్ సమీపించేసరికి మా అమ్మాయి కిటికీ ఊచలకు నుదురు ఆనించి నిద్రపోతున్నది. తట్టి లేపి, "ఊరు వచ్చిందమ్మా" అన్నాను. కళ్ళు నులుముకొని, "ఇల్లు?" అని ఒక్క మాట అడిగింది. "ఇల్లు ఇంకా లేదు, వెతకాలి" అని జవాబిచ్చాను. పెట్టెలు దించుతున్న మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వెతకవలసింది ఇల్లు ఒక్కటే అయితే నాకు అంత దిగులు ఉండేది కాదు.

పాపకు తొమ్మిదేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. శరీరంలోని కణాలలో ఇరవై ఒకటవ క్రోమోజోము రెండు ఉండవలసిన చోట మూడు ఉండడం దీనికి కారణమని 1959లో ఫ్రెంచి వైద్యుడు జెరోం లెజూన్, ఆయన సహచరులు ప్రకటించారు. ఇది మందుతో నయమయ్యే రోగం కాదు. ఇటువంటి పిల్లలు నేర్చుకుంటారు, కాని నెమ్మదిగా నేర్చుకుంటారు. విన్నదానికంటె కంటితో చూసినదాన్ని బాగా పట్టుకుంటారు. మాట ఆలస్యంగా వస్తుంది. దాదాపు సగంమందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వినికిడిని, థైరాయిడును ఎప్పటికప్పుడు పరీక్ష చేయిస్తూ ఉండాలి.

విశాఖపట్నంలో పాప నాలుగేళ్ళుగా మామూలు బడికే వెళ్ళేది. వారానికి మూడు రోజులు ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయిని వచ్చి దాని పక్కన కూర్చునేవారు. సాయంత్రాలు మాట నేర్పే చికిత్స ఉండేది. ఇవి ఎన్నో తిరుగుళ్ళ తరువాత, ఎందరినో బతిమాలుకొన్న తరువాత కుదిరిన ఏర్పాట్లు. మావారిని ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారానికి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చిన రోజున అవన్నీ ఒక్కసారిగా విడిపోయాయి. నాది అనువాదాలు చేసే పని. బల్ల, దీపం ఉన్నచోట అది సాగుతుంది. ఆయన ఉద్యోగం ఎటూ ఆయన వెంట వస్తున్నది. వెంట రానిది పాప చదువు ఒక్కటే.

ఉక్కు కట్టిన ఊరు

ఈ ఊరికి ఒక పేరు, స్టేషనుకు ఇంకొక పేరు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గరగా ఉన్న సాక్చీ అనే పల్లెను కర్మాగారానికి ఎంచుకున్నారు. 1912లో మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో నాటి వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సంస్థాపకుడైన జమ్‌షెట్జీ టాటా పేర ఊరిని జంషెడ్‌పూర్ అని పిలిచాడు. కాలీమాటి అనే రైల్వే స్టేషను టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో మాత్రం "మావాళ్ళు టాటాలో ఉన్నారు" అంటే చాలు, మరి వివరించనక్కరలేదు. రైలుమార్గం పుణ్యమా అని ఆ పల్లెల నుండి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి పనికి వచ్చి, ఇక్కడివారే అయిపోయారు.

జమ్‌షెట్జీ తన కలను కళ్ళారా చూడలేదు, 1904లోనే మరణించాడు. అయితే అంతకు రెండేళ్ళ ముందు కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోయే ఊరి వీధులు వెడల్పుగా ఉండాలని, త్వరగా నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలకూ తోటలకూ అన్ని మతాల ప్రార్థనాలయాలకూ చోటు విడువాలని కోరాడు. కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని, 1915లో ఉచిత వైద్యాన్ని, 1917లో కార్మికుల పిల్లలకు చదువు వసతిని ఏర్పరచింది. 1940వ దశకంలో ఊరి విస్తరణకు ప్రణాళిక వ్రాసిన జర్మన్ వాస్తుశిల్పి ఒట్టో కోనిగ్స్‌బర్గర్, ఇల్లూ బడీ అంగడీ నడిచిపోయే దూరంలో ఉండే పేటలను ఊహించాడు. కంపెనీ యాభై ఏళ్ళ పండుగకు కానుకగా 1958లో జూబిలీ పార్కు తెరిచారు. నేటికీ కంపెనీ పరిధిలోని పేటలలో నీరు, రోడ్లు, విద్యుత్తు చూసేది కార్పొరేషను కాదు, ఉక్కు కంపెనీకి చెందిన సంస్థ.

బడులకూ ఇక్కడ కరవు లేదు. జెసూట్ ఫాదరీలు 1947లో స్థాపించిన లొయోలా పాఠశాల ఉన్నది. ఊరికి వచ్చిన భాషలవారు తమ తమ బడులను కట్టుకున్నారు. కేరళ సమాజం మోడల్ స్కూలు, దక్షిణ భారత మహిళా సమాజం నడిపే డి.బి.ఎం.ఎస్. పాఠశాల అలా వచ్చినవే. 2011 జనాభా లెక్కలలో చుట్టుపక్కల పట్టణాలతో కలిపి 13 లక్షలకు పైబడిన ఈ ఊరిలో, బడి దొరకడం కష్టమని ఎవరూ అనరు. మేమూ అలాగే అనుకొని వచ్చాము.

ఒకే ఊరు, మూడు ఒడ్లు

మొదటి వారంలో మూడు ఇళ్ళు చూశాము.

ఒకటి ఖర్కాయి నదికి ఆవల, ఆదిత్యపూర్‌లో. కొత్త కట్టడం, లిఫ్టు ఉన్నది, అద్దె తక్కువ. మావారి కర్మాగారానికి పది నిమిషాలు. రెండవది సువర్ణరేఖకు ఆవల, మాంగోలో. మేడ మీద నుండి దల్మా కొండలు కనిపిస్తాయి, విశాలమైన గదులు. అయితే ఊరిలోకి రావాలంటే మాంగో వంతెన దాటాలి. ఉదయం పూట ఆ వంతెన మీద బండ్లు చీమల బారులా కదులుతాయి. మూడవది రెండు నదులకూ ఈవల, కద్మాలో. పాత ఇల్లు, రెండే గదులు, రెండవ అంతస్తు, లిఫ్టు లేదు. అద్దె మాత్రం మూడింటిలోనూ ఎక్కువ.

ఎవరు చూసినా ఆదిత్యపూర్ ఇల్లే బాగున్నదంటారు. మేమూ అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధపడ్డాము. ఆ సాయంత్రం బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్ళాము. అక్కడ పరిచయమైన ఒక పెద్దావిడ మమ్మల్ని నిలబెట్టి యోగక్షేమాలు అడిగింది. శ్రీకాకుళం నుండి ఆమె మామగారి కాలంలో వచ్చిన కుటుంబం. పాప గడ్డం పట్టుకొని ముద్దాడి, నా వైపు తిరిగి, "ఇల్లుదేటుందమ్మా, ఎక్కడైనా దొరుకుద్ది. పిల్లని ఏ బళ్ళో ఎవరి చేతిలో పెడతారో అది చూసుకున్నారా?" అన్నది.

"ఇంకా లేదు పిన్నిగారూ" అన్నాను.

"మరైతే నది దాటకండి ముందు. అటు జిల్లా వేరు."

ఆ మాట నిజమే. జంషెడ్‌పూర్ తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకు ముఖ్యపట్టణం. వంతెన దాటి ఆదిత్యపూర్‌లో కాలుపెడితే అది 2001లో ఏర్పడిన సరాయ్‌కెలా-ఖర్సావాన్ జిల్లా. నదిలో నీరు మోకాలి లోతున ఉన్న వేసవిలో కూడ అది జిల్లా ఎల్లయే. ప్రభుత్వపు సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక శిక్షణ ఉన్న ఉపాధ్యాయులు బ్లాకుల వారీగా బడులకు తిరుగుతారు. ఈవలి పిల్లల లెక్క ఒక జిల్లా పుస్తకంలో, ఆవలి పిల్లల లెక్క ఇంకొక జిల్లా పుస్తకంలో ఉంటుంది. ఆదిత్యపూర్‌లో ఇల్లు తీసుకొని జంషెడ్‌పూర్‌లో బడికి పంపితే, పాప రోజూ నదిని మాత్రమే కాక, తనను చూడవలసిన కార్యాలయాన్ని కూడ దాటి వెళ్ళవలసి వస్తుంది.

బిడ్డతో పాటు ఏది కదులుతుంది?

న్యూజెర్సీలో స్థిరపడిన నా కళాశాల స్నేహితురాలికి ఫోనులో మా బదిలీ సంగతి చెప్పినప్పుడు ఆమె వేసిన మొదటి ప్రశ్న, "అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఎలాంటిది?" అన్నదే. అమెరికాలో ప్రభుత్వ బడులను స్థానికమైన బడి జిల్లాలు నడుపుతాయి. సాధారణంగా ఇల్లు ఏ జిల్లాలో ఉంటే బిడ్డ ఆ జిల్లా బడికి వెళుతుంది. 1975లో చేసిన చట్టం వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ వ్రాతపూర్వకమైన వ్యక్తిగత విద్యా ప్రణాళికను నిర్బంధం చేసింది. ఆ చట్టపు నేటి రూపం ప్రకారం, ఏడాది మధ్యలో వేరొక రాష్ట్రానికి మారినా, కొత్త జిల్లా తన పరీక్షలు ముగించేవరకు పాత ప్రణాళికతో పోల్చదగిన సహాయాన్ని ఇస్తూ ఉండాలి. అందువల్ల అక్కడివారు ఇల్లు తీసుకొనే ముందు బడి జిల్లాలను పోల్చి చూసుకుంటారు.

మన దేశంలో అటువంటి ప్రణాళిక ఏదీ బిడ్డ వెంట ప్రయాణం చేయదు. కాని మనకు చట్టం లేదనడం సరికాదు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కనీసం 40 శాతం వైకల్యమున్నట్లు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యా హక్కును ఇచ్చింది. దగ్గరలోని మామూలు బడియా, ప్రత్యేక పాఠశాలయా అన్నది బిడ్డ ఇష్టానికి వదిలింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని చెప్పింది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మీద కేంద్రప్రభుత్వం, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పదిమందికి ఒకరు చొప్పున ప్రాథమిక తరగతులలోనూ, పదిహేనుమందికి ఒకరు చొప్పున పై తరగతులలోనూ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని ప్రమాణం నిర్ణయించింది.

ఊరు మారే కుటుంబం దృష్టితో ఈ చట్టాలను చదివితే ఒక సంగతి తెలుస్తుంది: కొన్ని రాష్ట్రపు ఎల్ల దాటుతాయి, కొన్ని దాటవు.

వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుందని 2016 చట్టమే చెప్పింది. యు.డి.ఐ.డి. కార్డు కూడ అంతే. ఆంధ్రలో ఇచ్చినది కాబట్టి జార్ఖండ్‌లో మళ్ళీ తెమ్మని ఎవరైనా అంటే, ఆ మాట చెల్లదు. బదిలీ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. పరీక్షలలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలను జాతీయస్థాయి పరీక్షా మండళ్ళు ఏ ఊరివారికైనా ఇస్తాయి. ఇవి దాటేవి.

రాష్ట్రప్రభుత్వం ఇచ్చే పింఛను దాటదు. పాప పక్కన కూర్చునే ఉపాధ్యాయిని దాటరు. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో నాలుగవ వంతు స్థానాలను బలహీనవర్గాలకు, 2012 సవరణతో వైకల్యమున్న పిల్లలకు కూడ కేటాయించింది. అయితే ఆ ప్రవేశం బడిలోని తొలి తరగతిలోనే. తొమ్మిదేళ్ళ వయసులో ఊరు మారిన బిడ్డకు ఆ ద్వారం మూసుకొనిపోయి ఉంటుంది. విద్యాసంవత్సరం కూడ దాటదు. ఆంధ్రలో వేసవి సెలవుల తరువాత జూన్‌లో బడులు తెరుస్తారు. జంషెడ్‌పూర్ ఆంగ్ల పాఠశాలలలో ఏప్రిల్‌లోనే పాఠాలు మొదలవుతాయి. మేము మే నెలలో దిగేసరికి ఖాళీలు నిండిపోయాయి.

ఉన్నచోటనే ఉండే బిడ్డను తలచుకొని వ్రాసిన చట్టాలివి. కదిలే బిడ్డకు కావలసినదాన్ని తల్లిదండ్రులే మోయాలి.

ఆరు నిమిషాల పరీక్ష

పేరుమోసిన ఒక పాఠశాలలో మాకు సమయమిచ్చారు. గోడల మీద బహుమతుల పళ్ళాలు, అద్దంలా మెరిసే నేల. పాపను కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఉపాధ్యాయిని హిందీలో పేరు అడిగారు. పాప నా వైపు చూసింది. మళ్ళీ ఇంగ్లీషులో అడిగారు. పాప బల్ల మీది కలం తీసి, మూత తిప్పసాగింది. రంగుల బొమ్మలు చూపించి ఒక్కొక్కటి ఏమిటని హిందీలో అడిగారు. ఆవు బొమ్మ చూసి పాప మెల్లగా "ఆవు" అన్నది. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. కాగితం మీద ఏదో వ్రాసుకున్నారు. తలకిందులుగా ఉన్నా నాకు చదవగలిగింది: మాట లేదు.

"అది తెలుగులో సరిగ్గానే చెప్పిందండీ" అన్నాను.

"మా బడిలో తెలుగు లేదు కదమ్మా" అన్నారామె, మర్యాదగానే. గడియారం చూశాను. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది. ఇటువంటి పిల్లలకు ప్రత్యేక పాఠశాలయే మంచిదని, తమ బడిలో పాప ఇబ్బంది పడుతుందని చెప్పి, గుమ్మం వరకు వచ్చి సాగనంపారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం ఆమె మీద కాదు. ఇరవై ఏళ్ళుగా ఒక భాషలోని మాటను ఇంకొక భాషలోకి మార్చి బతుకుతున్నదాన్ని. నా బిడ్డ ఒకే ఒక మాట అన్నప్పుడు దాన్ని సమయానికి ఆ గదిలోకి దాటించలేకపోయాను. "ఆవు అంటే గాయ్" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ క్షణాన నాకూ నోరు పెగలలేదు.

భాష సంగతి చిన్నది కాదు. బిడ్డకు రాని భాషలో పరీక్ష పెడితే వచ్చే ఫలితం బిడ్డ తెలివిని కొలవదు, ఆ భాషతో పరిచయాన్ని కొలుస్తుంది. "ఇంట్లో కూడ హిందీయే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్ల గందరగోళపడుతుంది" అని మాకు సలహా ఇచ్చినవారు నలుగురైనా ఉంటారు. 2005లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ఒక పరిశీలన ఈ భయానికి ఆధారం చూపలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలో ఇంగ్లీషు ఒక్కటే వింటూ పెరిగినవారితో పోలిస్తే, ఇంగ్లీషుతో పాటు మరొక భాష కూడ వింటూ పెరిగినవారు ఇంగ్లీషులో వెనుకబడలేదు. ఇంటి భాషను తీసివేస్తే బిడ్డ పోగొట్టుకొనేది మాటలను మాత్రమే కాదు; అమ్మమ్మతో ఫోనులో మాట్లాడే ఆ నాలుగు మాటలూ పోతాయి.

ముప్ఫై మాటల కాగితం

మర్నాడు పిన్నిగారే ఒక బడి పేరు చెప్పారు. కద్మాలో మేము చూసిన పాత ఇంటికి నడిచిపోయేంత దూరం. పేరున్న బడి కాదు. అయిదవ తరగతి వరకే. చిన్న ఆవరణ, ఒక వేపచెట్టు, రంగు వెలిసిన ఊయల. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయిని ఒకరున్నారు. పిల్లలందరూ ఆమెను దీదీ అంటారు. భారత పునరావాస మండలి రిజిస్టరులో తమ పేరు ఉన్నదని, నేను అడగకముందే సంఖ్య చెప్పారు. 1992 నాటి చట్టం కింద పనిచేసే ఆ మండలిలో నమోదు కావడం ఇటువంటి ఉపాధ్యాయులకు అవసరం. తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవడం తప్పు కాదు.

దీదీ పాపను పేరు అడగలేదు. మధ్యాహ్న భోజనం వేళ అది. పిల్లలు వరుసగా కూర్చున్నారు. నీళ్ళ జగ్గు ఒకటి పాప చేతికిచ్చి, తాను ఒకటి తీసుకొని, మొదటి గ్లాసులో పోసి చూపించారు. పాప రెండవ గ్లాసులో పోసింది. కొంచెం ఒలికింది. మూడవ గ్లాసు ఒలకలేదు. వరుస చివరి వరకు పోసుకుంటూ వెళ్ళింది. దీదీ నా పక్కకు వచ్చి, "లెక్క తెలుసు, వరుస తెలుసు, ఆగడం తెలుసు. ఇక మాటలంటారా, మీరు నాకు నేర్పాలి" అన్నారు హిందీలో.

ఒక కాగితం అడిగారు. పాప రోజూ వాడే మాటలు ముప్ఫై, తెలుగు ఉచ్చారణతో నాగరి లిపిలో వ్రాసి, ఎదుట హిందీ అర్థం ఇమ్మన్నారు. ఆ వేపచెట్టు కింద కూర్చుని వ్రాశాను. నీళ్ళు. చాలు. ఇంకా. వద్దు. నొప్పి. భయం. అమ్మ ఎప్పుడు. నవలలకు నవలలు అనువదించాను గాని, ఏ మాట ముందు, ఏ మాట తరువాత అని ఇంతగా ఆలోచించిన పుట మరొకటి లేదు. విశాఖలోని ఉపాధ్యాయినికి ఫోను చేసి, ఆమె పాపతో పని ఎలా చేయించేవారో, ఏది చేస్తే మొండికేస్తుందో అడిగి, అదంతా హిందీలో రెండు పుటలుగా వ్రాసి ఇచ్చాను. సికింద్రాబాద్‌లో 1984లో నెలకొల్పిన మేధోవైకల్యపు జాతీయ సంస్థలో పాపకు చేయించిన పరీక్షల నివేదికను కూడ జతపరిచాను.

ఎవరు దాటాలి?

ఇంటికి వచ్చి ముగ్గురమూ మంచం మీద కూర్చున్నాము. మావారు కాగితం మీద రెండు గీతలు గీశారు, అవి నదులు. ఆదిత్యపూర్‌లో ఉంటే ఆయనకు పది నిమిషాలు, పాపకు ప్రతిరోజూ వంతెన. కద్మాలో ఉంటే పాపకు పది నిమిషాల నడక, ఆయనకు ప్రతిరోజూ వంతెన, అద్దె ఎక్కువ, మెట్లు ఎక్కువ.

"ఎవరో ఒకరు నది దాటక తప్పదు" అన్నారు. కొంచెంసేపు ఆగి, "నేను దాటుతాలే" అన్నారు.

మేము కద్మా ఇల్లు తీసుకున్నాము.

పాఠకులలో ఇటువంటి ప్రయాణం ముందున్నవారు ఉండవచ్చు. ఊళ్ళనూ బడులనూ పోల్చేటప్పుడు పేరును, భవనాన్ని, పరీక్షా ఫలితాలను పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు వేసుకోమని మనవి. నా బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారు? ఆ మనిషిని నేను చూశానా, ఆమె వారంలో ఎన్ని గంటలు ఇక్కడ ఉంటుంది, ఆమె జీతం ఎవరు ఇస్తారు? రోజూ రాకపోకలకు బిడ్డ ఓపికలో ఎంత ఖర్చవుతుంది? బడిలోని భాషకూ ఇంటి భాషకూ మధ్య వంతెన ఎవరు వేస్తారు? వైద్యశాల ఎంత దూరం? ఈ బడి ముగిసిన తరువాత ఏమున్నది?

చివరి ప్రశ్న అందరికంటె కష్టమైనది. బిడ్డ పెద్దదైన తరువాతి సంగతి కూడ ఊరిని బట్టే ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో మేధోవైకల్యమున్న పిల్లల కోసం స్కూల్ ఆఫ్ హోప్ ఉన్నది, పెద్దపిల్లలతో పనిచేసే జీవిక ఉన్నది, సుందర్‌నగర్‌లో చెషైర్ హోమ్ ఉన్నది. రెండింటిని చూసి వచ్చాను. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత సంరక్షకుల నియామకానికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఉన్నది. ఆ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్యబీమా ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది. ఇల్లు మారే హడావుడిలో ఇవి గుర్తుకు రావు. ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకోవడం మంచిది.

పత్రాల సంగతి మరొకటి. ధ్రువపత్రం, నివేదికలు, మందుల చీటీలు, పాత ఉపాధ్యాయుల మాటలు అన్నీ ఒక కవరులో పెట్టి పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచుకొని ప్రయాణం చేయండి. అన్నిటికీ పైన, బిడ్డ గురించి ఒక పుట మీరే వ్రాయండి, కొత్త ఊరి భాషలో వ్రాయించండి. ఏమి రాదో నివేదికలు చెబుతాయి. ఏమి వచ్చునో చెప్పవలసింది మీరు.

మేము గెలిచామని చెప్పను. మాట నేర్పే చికిత్స ఇక్కడ ఇంకా సరిగా కుదరలేదు. వారానికి ఒకరోజు దొరికితే గొప్ప. బడి అయిదవ తరగతితో ఆగిపోతుంది. రెండేళ్ళలో మళ్ళీ ఇదే వెతుకులాట. మొదటి నెలలో పాప ప్రతి ఉదయమూ మెట్ల మీద కూర్చుండిపోయి, విశాఖ బడి పేరు చెప్పి ఏడ్చేది. మావారు వర్షాకాలంలో వంతెన మీద తడిసి, రెండుసార్లు జ్వరం తెచ్చుకున్నారు.

అయినా ఒక మధ్యాహ్నం ఫీజు కట్టడానికి బడికి వెళ్ళినప్పుడు భోజనాల వేళ అయింది. పాప జగ్గు పట్టుకొని వరుస వెంట వెళుతున్నది. ఇప్పుడు అది దాని పని, మరెవరినీ ముట్టనివ్వదట. ఒక కుర్రవాడి గ్లాసు నిండుతున్నది. వాడు చేయి అడ్డం పెట్టి, "చాలు, చాలు" అన్నాడు. పాప ఆగి, పక్క గ్లాసుకు జరిగింది. ఆ పిల్ల కూడ "చాలు" అన్నది. వరుస చివరి వరకు అదే మాట.

దీదీని అడిగాను. ఎవరికీ ఎవరూ నేర్పలేదట. ఆపమంటే ఆమెకు ఏ మాట అర్థమవుతుందో పిల్లలు తామే కనిపెట్టారట.

ఆ సాయంత్రం వంతెన దాటి వచ్చిన మావారికి ఈ సంగతి చెప్పాను. బూట్లు విప్పుతున్న మనిషి ఆగిపోయి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు.